మూలంలో లేని మాట

ఆషర్ మొదటిసారి ఆ ఆఫీసులో అడుగుపెట్టిన రోజున సికింద్రాబాద్‌లో పొద్దుటినుంచీ వాన కురుస్తూనే ఉంది. మోండా మార్కెట్ వెనక సందులో, ఇనుప మెట్లెక్కి వెళ్లాల్సిన రెండు గదుల ప్రచురణ సంస్థ అది. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, గచ్చు మీద నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. రెండో చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ప్రూఫు కాగితాలు మాత్రం పొడిగా ఉన్నాయి.

“నా పుస్తకం చిక్కిపోయిందండీ,” అన్నాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న సృజన తలెత్తింది. ఎవరి పుస్తకమో, చిక్కిపోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

“పంపినప్పుడు బొద్దుగానే ఉంది. ఇప్పుడు చూస్తే మూడోవంతు మిగిలింది. ఎవరండీ దీన్ని దిద్దింది?”

“నేనే.”

అతను ఎవరో పెద్దాయనతో పోట్లాడడానికి సిద్ధపడి వచ్చినట్టున్నాడు. ఎదురుగా చెవి వెనక ఎర్ర పెన్ను పెట్టుకున్న ఒక సన్నపాటి అమ్మాయి కనిపించేసరికి, మెట్లెక్కుతూ కూడగట్టుకున్న మాటలు సగం ఆవిరైపోయాయి.

“మీరు ప్రతి పాటా మూడు తీర్ల రాసి పంపిన్రు గద,” అంది సృజన. “అందులో మంచిది ఉంచి మిగిలినవి కొట్టేసిన.”

“అవి మూడు తీర్లు కాదండీ. మూడు చరణాలు.”

సృజన చెవి వెనక నుంచి ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టేసింది.

తప్పు జరిగింది నిజమే కానీ, అది ఆ ఆఫీసులో తప్ప మరెక్కడా జరగని తప్పు. అక్కడికి వచ్చే కవుల్లో చాలామందికి తేల్చుకోలేని జబ్బు ఉండేది. ఒక చరణాన్ని రెండు మూడు రకాలుగా రాసి, ఒకదాని కింద ఒకటి పెట్టి, మీకేది నచ్చితే అది ఉంచండని యజమాని విజయేందర్‌కు అప్పగించి పోయేవారు. కొన్నాళ్లకు ఆ ఎంపిక సృజన మెడకు చుట్టుకుంది. అందుకే ప్రాచీన చైనా పాటలకు తెలుగు అని ఒక రాతప్రతి వచ్చి, ప్రతి పాటలోనూ ఒకే చరణం రెండేసి మాటల తేడాతో మూడుసార్లు కనిపించేసరికి, పాపం ఈయన ఎంత నలిగిపోయాడో అనుకుంది. ప్రతిచోటా మూడోది కాస్త గట్టిగా ఉందనిపించి దాన్ని ఉంచింది. పై రెండింటినీ అడ్డంగా కొట్టేసింది. ఇంత శ్రద్ధగా చేసిన పని ఈ మధ్య మరొకటి లేదు కూడాను.

లోపలి గదిలోంచి వచ్చిన విజయేందర్ సంగతంతా విని, కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. సృజన మాత్రం నవ్వలేదు. క్షమించమని అడిగి, ఆ కాగితాలు ఇటివ్వమని చెయ్యి చాపింది. ఒంటరిగా దిద్దితే మళ్లీ ఏం కొట్టేస్తుందోనని ఆషర్ భయం. అతని ఆఫీసుకు శని, ఆదివారాలు సెలవు. కాబట్టి పుస్తకం అచ్చుకు పోయేదాకా ప్రతి శనివారం ఇద్దరూ కూర్చుని చూసుకోవాలని విజయేందర్ తీర్పు చెప్పాడు.

“గిట్ల ఒక్కటే పాట మూడుసార్లు పాడుతరని నువ్వు సుత ముందే చెప్పాలె బాబూ,” అన్నాడు ఆషర్ భుజం తట్టి. “మాకేం తెలుసు, చైనోళ్ల సంగతి.”

ఆషర్ వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తల్లి ప్రిసిల్లా టీచరు. అతను తార్నాకలో చైనా భాష చదివి, బేగంపేటలోని ఒక కంపెనీలో యంత్రాల విడిభాగాల గురించి వచ్చే ఉత్తరాలను అనువాదం చేస్తుంటాడు. రోజంతా నట్లూ బోల్టులూ తెలుగు చేసీ చేసీ, సాయంత్రాలు నోటి చేదు పోవడానికన్నట్టు పాత పాటలు పట్టుకున్నాడు.

సృజనది ఆలేరు దగ్గర ఊరు. అక్కడి బడిలోనే చదువుకుంది. తెలుగు ఎం.ఏ. చేసి, సికింద్రాబాద్‌లో ఉద్యోగం దొరికాక లేడీస్ హాస్టల్లో ఉంటోంది. తండ్రి వడ్రంగి. ఆయన పేరు బ్రహ్మచారి అని విన్నప్పుడు ఆషర్ టీ కప్పు పక్కన పెట్టేశాడు.

“మీ నాన్నగారు బ్రహ్మచారా?”

“అవును.”

“పెళ్లికి ముందా, తర్వాతా?”

“నలుగురు పిల్లలం,” అంది సృజన మొహంలో ఏ మార్పూ లేకుండా. “మా వాళ్లల్ల ఉంటది ఆ పేరు. మీరు కాగితం చూడుండ్రి.”

ఆమె అలాగే మాట్లాడేది. తక్కువగా, తల వంచుకుని. నవ్వు మాత్రం అతను పక్కకు తిరిగాక నవ్వేది. అది కిటికీ అద్దంలో తనకు కనిపిస్తోందని ఆషర్ ఆమెకు చెప్పలేదు.

మొదటి శనివారం అతను ఒక పాటను చైనా భాషలోనే చదివి వినిపించాడు. అర్థం తర్వాత, ముందు చప్పుడు వినమన్నాడు. ఒక్కో పాదంలో నాలుగంటే నాలుగే మాటలు. ఒక్కో మాటా ఒక్క దెబ్బే. అతను చదువుతూ వేలితో బల్ల మీద కొడుతుంటే సృజనకు ఇంటి ముందు కూర్చుని నాయిన ఉలి మీద సుత్తితో కొట్టే చప్పుడు గుర్తొచ్చింది. పాదాల చివర ప్రాస కలుస్తోంది. ఒకచోట మాత్రం కలవలేదు. ఆమె అది పట్టుకుని అడిగింది. పాట పుట్టినప్పుడు అక్కడా కలిసేదనీ, వేల ఏళ్లలో ఉచ్చారణ మారి ఆ జత విడిపోయిందనీ అతను చెప్పాడు.

“అయ్యో,” అంది సృజన, ఎవరో తెలిసినవాళ్లు విడిపోయినట్టు.

ఆషర్ అనువాదం మొదట ఇలా ఉండేది: ఒక జాతి లత దీర్ఘముగా ప్రాకుచు కంచె అడుగుభాగమును చేరినది. ఏ లత అని సృజన అడిగింది. మూలంలో ఉన్న పేరుకు తెలుగు లేదని అతను అన్నాడు. కాయ కాస్తుందా అని అడిగింది. కాస్తుంది, పప్పుజాతి. అయితే చిక్కుడు అందామంది ఆమె. చిక్కుడంటే వాకిట్లో కనిపిస్తుంది, లత అంటే ఎక్కడా కనిపించదు.

మూలంలో తీగ పాకడానికీ, బండి కదలడానికీ ఒకే మాటను రెండుసార్లు కలిపి వాడారని అతను చెప్పినప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. అవి తెలుగులో లేకనా? జలజల, గలగల, మెలమెల్లగా. అతను ఇన్నాళ్లూ వాటిని పామరుల మాటలనుకుని దూరంగా పెట్టాడట. పాదానికి నాలుగు అక్షరాల లెక్క తెలుగులో కుదరదు, ‘చేరింది’ అనడానికే మూడు అయిపోతాయి. అందుకని అక్షరాలు వదిలేసి, నాలుగు దరువులు పెట్టుకున్నారు. ఆమె అరచేత్తో, అతను వేలితో. అలా ఆ చరణం తేలింది:

చిక్కుడు తీగ సాగి సాగి
కంచె మొదలు చేరింది.
గడగడ బండి చిన్నవాడు
ఊరి చివర ఆగాడు.
పేరు అడగలేదు నేను.

రెండో చరణంలో తీగ కంచె నడుమకు చేరుతుంది, బండివాడు పాట పాడే పిల్ల వీధిలో ఆగుతాడు. మూడోదాంట్లో తీగ కంచె పైకి, అతను వాకిటికి. మిగిలిందంతా అదే.

తీగకూ బండివాడికీ మధ్య ‘లాగా’ అనో ‘వలె’ అనో ఒక మాట వేయనా అని ఆషర్ అడిగాడు. మూలంలో లేదు కానీ, తెలుగువాళ్లకు తెలియొద్దూ?

“వద్దు,” అంది సృజన. “పక్కపక్కన పెడితే చాలు. చూసేటోళ్లు కలుపుకుంటరు.”

అనేశాక, పక్కపక్కన కూర్చుని ఉన్నది తామేనని ఆమెకు తోచింది. కుర్చీ కాస్త జరుపుకుంది. బయట వాన రేకుల మీద చటచటమంటోంది. ఆషర్ మరీ శ్రద్ధగా ఒక కామాను చూస్తున్నాడు.

ఆ రోజే అతను మరో సందేహం అడిగాడు. చివరి పాదం మూడుసార్లూ అదే ఎందుకు? మా చర్చిలో పల్లవి మళ్లీ మళ్లీ పాడతాం, కానీ అది పదిమందీ గొంతు కలపడానికి. ఇక్కడ పిల్ల ఒక్కతే కదా.

సృజన ఆ పాదాన్ని మూడుచోట్లా మళ్లీ చదివింది. బతుకమ్మ ఆడేటప్పుడు ఒక్క మాట మారితే వలయం ఒక్క అడుగు ముందుకు జరుగుతుందనీ, ఆడేవాళ్లకు అది ఒక్కటే పాటలా అనిపించదనీ చెప్పింది. తర్వాత నెమ్మదిగా అంది:

“ఒక్కటే మాట కాదది. మొదటిసారి అడిగే పనే లేదు. రెండోసారి అడగాలని ఉన్నది. మూడోసారి, అయ్యో అడగకపోతినే అని.”

ఆషర్ పెన్ను కింద పెట్టి ఆమెను చూశాడు. ఇంతకుముందు ఎప్పుడూ అంతసేపు చూడలేదు. ఆమె లేచి, జల్లు లోపలికి కొడుతోందని కిటికీ తలుపు వేసింది. జల్లు నిజానికి అటువైపు కొట్టడం లేదు.

వానాకాలం అలా శనివారాల మీదుగా సాగింది. పని త్వరగా అయిపోయే రోజు కూడా అవకుండా ఉండడానికి ఇద్దరూ తలా ఒక సందేహం వెతికి పెట్టుకునేవారు. అతను ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. ఆమె వాటిని టీలో ముంచి, అవి విరిగి పడిపోకముందే తీసే తీరును అతను ఒక విద్యలా గమనించేవాడు. అతనికి విరిగిపడనిది ఒక్కటీ లేదు. ఏమీ అనుకోలేదు, ఏమీ చెప్పుకోలేదు. కానీ సోమవారం నుంచే సృజనకు శనివారం ఎంత దూరముందో తెలిసేది.

అప్పుడే ఊరి నుంచి ఫోను వచ్చింది. జనగామలో బ్యాంకు ఉద్యోగం, మంచి కుటుంబం, ఫొటో నచ్చిందట. పై ఆదివారం చూడడానికి వస్తారని తల్లి విమలమ్మ చెప్పింది. సరే అనలేదు సృజన, వద్దనీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె మౌనాన్ని పుట్టినప్పటినుంచీ సరే కిందే లెక్కేశారు. ఇప్పుడూ అంతే జరిగింది.

సెలవు అడగాల్సి వచ్చి విజయేందర్‌కు విషయం చెప్పింది. ఆయనకు ఏ వార్తయినా పొట్టలో నిలవదు. అందులోనూ కాస్త ముందుకు తోసి చెప్పడం అలవాటు. ఆషర్ ఏదో పనిమీద ఫోను చేస్తే, మా పిల్లకు సంబంధం ఖాయమైంది బాబూ, ఇగ షాదీ షురూ అన్నాడు.

ఆ శనివారం ఆషర్ రాలేదు. పనిలో తీరిక లేదనీ, మిగిలిన సవరణలు ఫోనులోనే పంపుతాననీ సందేశం పెట్టాడు. అందులో ‘సృజన గారికి నమస్కారం’ అని ఉంది. ఆమె ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో అతను ఆమెకు ఒక్కసారీ నమస్కారం చెప్పలేదు. వస్తూనే కొట్టేశారా ఇవాళేమైనా అనేవాడు. అంతేలే, పుస్తకం పని అయిపోతోంది, ఇంకేముంది అనుకుంది. తానొక్కతే ఏదేదో అనుకుందేమో. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క రుజువు కూడా లేదు. ఉన్నదల్లా బిస్కెట్లు.

పుస్తకం సాయంత్రానికి అచ్చుకు పోతుందనగా, శుక్రవారం పొద్దున అతని చివరి సవరణలు వచ్చాయి. సృజన వాటిని ప్రింటు తీసి ఒక్కొక్కటీ పాత ప్రతితో సరిచూస్తూ వచ్చింది. చిక్కుడు తీగ పాటలో మూడో చరణం దగ్గర ఆగింది. చివరి పాదం మారి ఉంది.

పేరు అడిగాను నేను.

వేలు పొరపాటున తగిలిందేమో అనుకుంది. కానీ పొరపాటున తగిలితే ఒక మాట మొత్తం తీరుగా మారదు. మళ్లీ చదివింది. ప్రూఫ్ రీడరుగా ఆమె చేయాల్సిన పని తెలుసు. మూలంలో లేదు, కాబట్టి కొట్టేయాలి. ఎర్ర పెన్ను తీసి ఆ పాదాన్ని కొట్టేసింది, పాతది పైన రాసింది. పెన్ను మూత పెట్టింది. అయినా కుర్చీలో కూర్చోలేకపోయింది.

ఎవరూ పిలవకుండా ఎక్కడికీ వెళ్లని మనిషి, గంటసేపట్లో వస్తానని విజయేందర్‌తో చెప్పి పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఎక్కింది. కాగితం మడవకుండా అట్టలో పెట్టుకుంది. రైలు దాటుతున్న ప్రతి స్టేషను దగ్గరా దిగిపోదామా అనుకుంది, దిగలేదు. బేగంపేటలో దిగి అతనికి ఫోను చేసి, కింద ఉన్నానంది.

ఆషర్ మెడలో ఆఫీసు కార్డుతో, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల మీదుగా వచ్చినట్టు రొప్పుతూ వచ్చాడు. రోడ్డు పక్క టీ కొట్టు రేకుల కింద నిలబడ్డారు. చినుకులు పడుతున్నాయి. మధ్యాహ్నపు అన్నాల వేళ, చుట్టూ జనం.

“మూడో చరణంల మీరు ఒక మాట మార్చిన్రు,” అంది సృజన. “మూలంలో అట్ల లేదు.”

“లేదు.”

“మరెందుకు మార్చిన్రు?”

అతను టీ కొట్టువాడిని చూశాడు, రోడ్డును చూశాడు, చివరికి కాగితాన్ని చూశాడు. నాలుగు రోజులుగా ఆ పాట దిద్దుతుంటే ఆ అమ్మాయి మీద కోపమొచ్చిందన్నాడు. వాకిట్లోకి వచ్చి నిలబడినా అడగదేంటి, బండివాడైనా ఏదో ఒకటి అనడేంటి అని. ఒక్కసారైనా ఎవరో ఒకరు అడిగితే ఎలా ఉంటుందో చూద్దామనిపించిందన్నాడు.

“కొట్టేసిన,” అంది సృజన.

అతని మొహం వాడిపోయింది. “సరేనండి. అది కరెక్టే. అయినా మీకు సంబంధం కుదిరింది కదా, నేను అలా రాయకూడదు. తెలిసి కూడా...”

“ఎవలు చెప్పిన్రు కుదిరిందని?”

“విజయేందర్ గారు.”

“చూసుడే కాలే ఇంక.”

పక్కన ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు. సృజన అట్టలోని కాగితాన్ని సర్దుకుంది. ఒక్కో మాటా విడిగా పెట్టి మాట్లాడింది.

“ఆ పాటల పిల్ల అడగలే. ఆమెను అట్లనే ఉంచుదాం, ఆమె పాట ఆమెది. నేనైతే అడుగుత. ఆదివారం ఆ జనగామోళ్లు రాకముందే మా నాయినకు చెప్పాలె. ఏమని చెప్పాల్నో మీరు చెప్పుండ్రి.”

“ఏమని చెప్తే బాగుంటుంది?”

“నన్నడుగుతరేంది?”

“ఎడిటర్ మీరే కదా.”

ఆమె తల వంచుకుంది. ఈసారి నవ్వు దాచుకోవడానికి పక్కన కిటికీ లేదు, ఉన్నా దాచుకునేది కాదు.

“నేను సృజనను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని చెప్పండి,” అన్నాడు ఆషర్. “ఒక్కసారే చెప్తున్నా. మూడుసార్లు కావాలన్నా చెప్తా, ఒక్క మాట కూడా మార్చను.”

చినుకులు వాననిపించుకునేంత పెద్దవయ్యాయి. ప్రూఫు తడవకుండా అతను తన ఆఫీసు ఫైలు ఆమె చేతికిచ్చాడు. ఆమె గంటలో తిరిగి వస్తానన్న మాట మాత్రం తప్పింది.

ఆ సాయంత్రం తండ్రికి ఫోను చేసినప్పుడు, చెప్పాల్సింది నాలుగు వాక్యాల్లో చెప్పేసింది. అవతల రంపం ఆగింది. పిల్లగాడు ఏం చేస్తాడు, తాగుతాడా, వాళ్లమ్మకు తెలుసా అని బ్రహ్మచారి అడిగాడు. చర్చి సంగతి ఆమే చెప్పింది. ఆయన ఊ అన్నాడు, ఆ ఊ చాలా పొడుగ్గా వచ్చింది. జనగామ వాళ్లకు తాను చెప్పుకుంటానన్నాడు. విమలమ్మ మాత్రం కూతురితో మాట్లాడనంది, మాట్లాడలేదు కూడా. మారేడ్‌పల్లిలో ప్రిసిల్లా సంగతి వేరు. ఆమె మాట్లాడడం ఆపలేదు. పాస్టరుగారు ఏమంటారు, బంధువులకు ఏం చెప్పాలి, పిల్లలు పుడితే ఏం పేర్లు పెడతారు అని కొడుకును రెండు పూటలు నిలబెట్టి అడిగి, చివరికి ఆ పిల్లకు ఏం కూర ఇష్టమో కనుక్కోమంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బ్రహ్మచారి, సృజన ఆషర్ వాళ్లింటికి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రిసిల్లా కాఫీ ఇచ్చి, మాట మీద మాట పెట్టి మధ్యలో ఎక్కడా ఖాళీ రానివ్వకుండా మాట్లాడింది. రిజిస్టర్ పెళ్లి చేసుకోవచ్చనీ, తర్వాత రెండు వైపులవాళ్లకూ కలిపి భోజనాలు పెడదామనీ, ఎవరి దేవుణ్ని వాళ్లు కొలుచుకోవచ్చనీ. ఆషర్ కూడా మధ్యమధ్య అందుకుంటున్నాడు. సృజన గోడవారగా నిలబడి ఉంది.

బ్రహ్మచారి అంతా విన్నాడు. కాఫీ ఖాళీ చేసి గ్లాసు కింద పెట్టాడు.

“అన్నీ మంచిగనే ఉన్నయమ్మా. నాకొక్కటే పరేషాన్. మీ ఇంట్ల అందరూ మాట్లాడెటోళ్లే. మా బిడ్డ చిన్నప్పటిసంది నోరు తెరవది. ఆకలైతున్నదని సుత చెప్పది. రేపు దానికేమన్న తక్లీఫ్ అయితే ఎవలికి తెలుస్తది?”

ప్రిసిల్లా మొదటిసారి ఆగింది. కొడుకు వైపు చూసింది. ఆషర్ ఏదో అనబోయి మానుకున్నాడు. అది అతను చెప్పాల్సిన జవాబు కాదని అర్థమైనట్టుంది.

“చెప్పిన గద నాయినా,” అంది సృజన గోడ దగ్గరనుంచి. “చెప్తేనే గద నువ్వు ఈడికొచ్చినవ్.”

బ్రహ్మచారి తల తిప్పి కూతుర్ని చూశాడు. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే చూశాడు. తర్వాత మిఠాయి డబ్బాకు చుట్టిన దారం తానే విప్పి, డబ్బాను ప్రిసిల్లా ముందుకు జరిపాడు.

“మీ అమ్మకు జెర టైం వడ్తది,” అన్నాడు సృజనతో. “అప్పటిదాంక నువ్వే రోజూ ఫోన్ చెయ్యి. అది మాట్లాడకపోయినా సరే, నువ్వు మాట్లాడు.”